టైర్లు చేరితే బండి చేరినట్టే

టైర్లు మంజూరయ్యాయన్న కబురు వచ్చేసరికి డాక్టర్ ఇందీవర ఉప్పూకారం అద్దిన జామకాయ కొరుకుతోంది. కొరికిన ముక్క కొరికినట్టే నోట్లో ఉండిపోయింది. ఫోను చెవికి ఆనించుకునే కుర్చీలోంచి లేచి, మందుల బీరువా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"అన్నీ కొత్తవేనా? స్టెప్నీ కూడానా?"

"స్టెప్నీ కూడా మేడమ్. ఎల్లుండి ఎంపిక కమిటీ. మీరు కూడా ఒక మెంబరు," అన్నాడు జిల్లా ఆఫీసు గుమాస్తా. "కాకపోతే ఏంటంటే, కమిటీలో మీరు ఎక్కువ మాట్లాడకుండా ఉంటే పని తొందరగా అవుతుంది."

ఇందీవర పిట్టలగెడ్డ సంచార వైద్యశాలకు డాక్టరు. సంచార వైద్యశాల అంటే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు, అందులో ఒక మంచం, రెండు మందుల పెట్టెలు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగగల బండి అది. కాకపోతే దాని టైర్లు తిరుమల వెళ్ళి గుండు చేయించుకుని వచ్చినట్టు నున్నగా ఉండేవి. తడినేల కనిపిస్తే చాలు, బండి ముందుకు పోవడం మానేసి పక్కకు పోయేది. సంచారం పేరులో ఉంది గాని సంచార వైద్యశాల సంచరించి చాలాకాలమైంది; షెడ్డు పక్క గదిలోనే రోగుల్ని చూస్తోంది ఇందీవర.

పెళ్ళయి ఇంకా మెట్టెలు అలవాటు కాలేదు ఇందీవరకి. నడిస్తే గచ్చుమీద టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడు వినడం కోసం పని లేకపోయినా నడుస్తూ ఉంటుంది. ఆ రోజు అలా టిక్కుటిక్కుమంటూ ఇంటికి పోయి, జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మొగుడికి కబురు చెప్పింది.

"ఏవండీ, టైర్లొచ్చాయి!"

సుధీంద్ర చేతిలో వంకాయ ఉంది. "నీకు బంగారం కొన్నప్పుడు కూడా నువ్వింత మురవలేదు," అన్నాడు.

"మురిసే ఉంటాను లెండి. అయినా బంగారం గెడ్డ దాటదు కదండీ!"

కొండవాగును అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. గెడ్డ అవతల, కొండమీద, తాడిగరువు అనే ఊరుంది. ఆ ఊళ్ళో సుక్రి అనే పిల్లకి నెలలు నిండుతున్నాయి. కిందటిసారి నొప్పులొస్తే ఆమెను డోలీలో దింపారు. వెదురు గెడకు దుప్పటిని ఉయ్యాలలా కట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపూ భుజాన వేసుకుంటే అదే డోలీ. ఆసుపత్రి ఇంకా కనుచూపు మేరలో లేకుండానే ఆ డోలీలో బిడ్డ పుట్టింది, ఆ డోలీలోనే పోయింది. ఈసారి ఇందీవర చెయ్యి పట్టుకుని చెప్పింది సుక్రికి: "వానలు దిగేలోపు మా బండి మీ గుమ్మం ముందు ఉంటుంది." చెప్పినప్పుడు బండికి టైర్లు లేవు. ఇప్పుడు ఉన్నాయి. ఆ మురిపెమంతా అందుకే.

* * *

ఎంపిక కమిటీకి అధ్యక్షుడు ఆస్తుల పరిరక్షణ ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. ఆయన జిల్లాకు వచ్చినప్పటి నుంచి 'అరుగుదల లేని పాలన' అనే ఉద్యమం నడుస్తోంది. ప్రభుత్వ ఆస్తి వాడకం వల్లే అరుగుతోందని ఆయన కనిపెట్టారు. అంతకుముందు ఎవరికీ ఈ సంగతి తోచలేదు. ఆఫీసు మెట్లు మధ్యలో అరుగుతున్నాయని, సిబ్బంది గోడవారగా ఎక్కాలని ఉత్తర్వు వేశారు. రబ్బరు ముద్రలు అరుగుతున్నాయని, ముద్రను కాగితానికి చూపించి తీసేస్తే చాలన్నారు. పై అధికారులు ఆయన పేరు చెప్పి కిందివాళ్ళను సిగ్గుపడమనేవారు.

బల్లమీద మూడు రకాల నమూనా టైర్లు నిలబెట్టారు. ఒకటి తారురోడ్డుది, ఒకటి బురదది, ఒకటి అన్ని కాలాలకూ అన్ని దారులకూ పనికొచ్చేది. మూడోదాని నల్లటి ఒంటినిండా లోతైన గాళ్ళు, గాళ్ళ మధ్య పిల్లిమీసాల్లా సన్నటి రబ్బరు వెంట్రుకలు. ఇందీవర ఎవరూ చూడకుండా వాటిని చూపుడువేలితో మీటింది. గిలిగింతలు పెట్టినట్టు భలే ఊగాయి.

"ఇది బాగుంది సార్. రాళ్ళమీదా బురదలోనూ పట్టు ఉంటుంది," అంది.

"పట్టు అనేది కంటికి కనపడదు డాక్టరమ్మా," అన్నారు పరాంకుశం గారు. "కొలవదగిన అంశం లోతు. గాడి లోతెంత?"

ఇంజనీరు ఒక చిన్న ఉక్కుపుల్లను గాడిలో దించి చూశాడు. "దీనిదే లోతెక్కువ సార్."

"లోతెక్కువైతే అరగడానికి అవకాశం కూడా ఎక్కువే కదా?" అన్నాడు లెక్కల అధికారి. ఆయనకు ప్రతి వస్తువులోనూ రేపటి అభ్యంతరం ఇవాళే కనపడుతుంది.

"అవకాశం ఎక్కువ. కాని అరగనివ్వం. అందులోనే ఉంది పాలనాదక్షత." పరాంకుశం గారు టైరు పక్కగోడ మీద చెక్కిన బొమ్మను వేలితో చూపించారు. "ఇదేమిటి? కొండ, కొండలో మంచుపువ్వు."

"మంచు కురిసే దేశాల్లో కూడా నడుస్తుందని గుర్తు సార్," అన్నాడు ఇంజనీరు.

"మన దగ్గర మంచు కురవదు కదండీ," అన్నాడు లెక్కల అధికారి.

"ఇంతవరకూ కురవలేదు అనండి. ఆస్తి కొనేటప్పుడు ముందుచూపు ఉండాలి."

ఇందీవర గొంతు సవరించుకుంది. "మంచు సంగతి తర్వాత చూద్దాం సార్. గెడ్డ దాటుతుందా?"

గదిలో వాళ్ళు ఆమె వంక పెళ్ళిలో పాడెమాట ఎత్తినట్టు చూశారు. పరాంకుశం గారు మాత్రం నవ్వి, మంచు కొండ టైరుకే ఓటు వేశారు. కాకపోతే ఆయన వేసింది ఆ బొమ్మకు.

* * *

టైర్లు బిగించిన రోజున డ్రైవరు సన్యాసినాయుడు బండికి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఇంజను స్టార్టు చేసి తొక్కించబోతుంటే పరాంకుశం గారు చెయ్యెత్తారు.

"ఆగవయ్యా! నిమ్మకాయ పుల్లన. రబ్బరు సంగతేం కావాలి?"

"శాస్త్రం బాబూ. తొక్కించకపోతే బండికి మంచిది కాదు."

శాస్త్రాన్నీ ఆస్తినీ కూడా కాపాడవలసి వచ్చింది. బాగా ఆలోచించి, టైర్ల తరఫున అటెండరు తన కాలితో నిమ్మకాయలు తొక్కేటట్టు తీర్మానించారు. అటెండరు చెప్పులు విప్పి, తూర్పుకు తిరిగి, ఒక్కొక్కటీ తొక్కాడు. అతని కాలికి పగులుంది, మంటెక్కి కుంటుకుంటూ పోయాడు. టైర్లకు ఏమీ కాలేదు.

అప్పుడే ఉత్తర్వు చదివి వినిపించారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, టైర్ల గాడి లోతు ప్రతి వారమూ కొలవబడును. లోతు తగ్గిన యెడల సంబంధిత సిబ్బందికి మెమో ఇవ్వబడును. తగ్గని యెడల ప్రశంసాపత్రము ఇవ్వబడును."

మొదటి వారం బండి పెట్రోలు బంకు దాకా వెళ్ళి వచ్చింది. ఇంజనీరు ఉక్కుపుల్ల దించి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, వెలుతురులో పెట్టి చూసి నిట్టూర్చాడు. సన్యాసినాయుడికి మెమో వచ్చింది. రెండో వారం బండి షెడ్డులోంచి కదల్లేదు. ప్రశంసాపత్రం వచ్చింది.

ప్రశంసాపత్రం మనిషిని ఏం చేస్తుందో ఇందీవర అప్పుడే చూసింది. మామూలుగా హారను మోగిస్తూ కోళ్ళను బెదిరించే సన్యాసినాయుడు ఇప్పుడు బండి దగ్గర గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. బండిని జాకీల మీద ఎత్తి, టైర్లు విప్పి, గోనెపట్టా కప్పి, డాక్టరు గదిలోనే రోగులు కూర్చునే బల్లమీద వరసగా పడుకోబెట్టాడు. రోగులు నిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది సన్యాసినాయుడూ?"

"ఎండ తగిలితే రబ్బరు బిగుసుకుపోద్ది మేడమ్ గారూ. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి."

"జ్వరమొచ్చిన ముసలమ్మ నిలబడి ఉంది కనపడటం లేదా?"

"ముసలమ్మకి ఎవరూ పుల్ల పెట్టి కొలవరు కదా మేడమ్ గారూ!"

ఇందీవర జిల్లా ఆఫీసుకు పోయింది. గోడవారగా మెట్లెక్కి పరాంకుశం గారి ముందు నిలబడింది.

"సార్, గెడ్డ దాటడానికేగా ఈ టైర్లు కొన్నాం?"

"దాటగల సామర్థ్యం కోసం కొన్నాం. ఆ సామర్థ్యం చేకూరింది. చేకూరినదాన్ని దాటి దాటి తగ్గించుకోవడం దేనికి?"

"కొండమీద గర్భిణి ఉంది సార్."

"గర్భిణులు వస్తుంటారు, పోతుంటారు. ఆస్తి నిలిచి ఉండేది." ఆయన గొంతు తగ్గించారు. "మీకు తెలుసో తెలియదో, పక్క డివిజన్‌లో గాడి లోతు పెరిగిందట."

"రబ్బరు పెరుగుతుందా సార్?"

"సంకల్పం ఉంటే!" అన్నారు పరాంకుశం గారు. ఆయన మొహంలో అసూయ స్పష్టంగా కనబడింది.

తర్వాత తెలిసిందేమిటంటే, పక్క డివిజన్ వాళ్ళు రాత్రికి రాత్రి కత్తితో గాళ్ళు చెక్కించారు. అయినా ఉద్యమంలో మొదటి బహుమతి వాళ్ళకే పోయింది. ఈ ఘనకార్యం నేర్చుకోవడానికి నాలుగు మండలాల నుంచి అధ్యయన బృందాలు వెళ్ళాయి. వాళ్ళ బళ్ళ టైర్లు కూడా బల్లల మీద పడుకుని ఉండటం చేత అందరూ ఆర్టీసీ బస్సులో వెళ్ళారు.

* * *

ఆ సాయంత్రం సుధీంద్ర వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చాడు. ఇందీవర మామూలుగా అయితే పొట్లం విప్పకముందే వాసన చూసి, లోపల ఎన్నున్నాయో చెబుతానని పందెం కాసేది. ఆ రోజు పొట్లం చల్లారిపోయింది.

"నేను సుక్రికి మాటిచ్చానండీ," అంది.

సుధీంద్ర చల్లారిన బజ్జీని రెండు ముక్కలు చేసి, మిరపగింజలు తీసేసిన ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే సుక్రి మొగుడు బాలన్న కొండ దిగి వచ్చాడు. "డాట్రమ్మా, మా ఇంటిదానికి కాళ్ళు వాసిపోనాయి. తలనొప్పి, తలనొప్పి అంటంది. కళ్ళ ముందర మిణుగురులు కనపడతన్నాయంట. గెడ్డకి నీళ్ళొచ్చీసినాయంటే ఇంకేటీ సెయ్యనేం. నీ బండేదీ?"

ఇందీవర గదిలోకి చూసింది. బండి బల్లమీద పడుకుని గాలి పోసుకుంటోంది.

పరాంకుశం గారికి ఫోను చేసింది. ఈసారి బతిమాలలేదు. "తాడిగరువుకు బండి చేరలేదని నేను రాతపూర్వకంగా పైకి పంపిస్తున్నాను సార్," అంది. చేరడం అనేది పైవాళ్ళిచ్చిన లక్ష్యాల పట్టికలో ఉంది. అరగకుండా ఉండటం ఉద్యమంలో ఉంది. రెండూ ఒకేసారి కావాలి. మధ్యాహ్నానికల్లా పరాంకుశం గారు స్వయంగా ఊడిపడ్డారు. ఆయన చేతిలో తాజా ఉత్తర్వు ఉంది. ఇంకా సిరా ఆరలేదు.

"వాహనం యొక్క భూసంపర్కం టైర్ల ద్వారా మాత్రమే జరుగుచున్నందున, టైర్లు గమ్యము చేరిన యెడల వాహనము గమ్యము చేరినట్లే పరిగణించబడును."

"అంటే?" అంది ఇందీవర.

"టైర్లను తాడిగరువు చేరుస్తాం. నేలకు తగలకుండా."

"ఎలా సార్?"

పరాంకుశం గారు బాలన్న వైపు తిరిగారు. "మీ ఊళ్ళో రోగుల్ని మోసే సాధనం ఒకటుందిట కదయ్యా?"

* * *

అలా ఆ మధ్యాహ్నం కొండదారిలో అయిదు డోలీలు బయల్దేరాయి. కబురంది తాడిగరువులో ఉన్న మగవాళ్ళంతా దిగివచ్చినా అంతకుమించి డోలీలు లేవలేదు, మిగతావాళ్ళు కూలికి పోయారు. ముందు రెండు, వెనక రెండు, చివర స్టెప్నీ. బండికి ఎలా ఉంటాయో అలాగే వరస తప్పకుండా నడవాలని ఆదేశం. సన్యాసినాయుడు ముందు కుడివైపు డోలీ పక్కన నడుస్తూ, వంపు వచ్చినప్పుడల్లా "రైటు! రైటు!" అంటున్నాడు. చెట్టుకొమ్మ తగిలితే టైరు మీద తుండుగుడ్డ కప్పుతున్నాడు.

మోసేవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి చేశారు.

"ఒరేయ్, మీ రోగి పలకదేట్రా?"

"పలకదు. కక్కదు. మంచి రోగి."

"కిందటేడు మా అత్తని మోసినాను, దారంతా తిట్టీసింది. ఇదే నయం."

గెడ్డలో ఇంకా మోకాలి లోతే ఉంది. టైర్లను తలలమీదికి ఎత్తి దాటించారు. వెనక పరాంకుశం గారు బూట్లు చేతపట్టుకుని, పాంటు మడిచి, జారుతూ దాటారు. జారినప్పుడు పట్టుకోవడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు. ఇందీవర బీపీ యంత్రం నెత్తిన పెట్టుకుని దాటింది. చల్లటి నీళ్ళు పాదాలకు తగలగానే, ఇంత కోపంలోనూ, ఆహా అనిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపం వచ్చి గబగబా ఎక్కింది.

పైకి చేరాక టైర్లను అరుగుమీద నిలబెట్టి, దండ వేసి, ఫొటో తీశారు. "తాడిగరువుకు వాహనము చేరినది" అని పరాంకుశం గారు ప్రకటించారు. పిల్లలు బండి ఎక్కడుందా అని ఇంటి వెనక్కి పోయి వెతికారు.

ఇందీవర అప్పటికి సుక్రి గుడిసెలో ఉంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. బీపీ చూసింది. మళ్ళీ చూసింది. తన దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చి, పక్కనే కూర్చుంది. కాసేపటికి అంకె కొంచెం దిగింది. చీకటి పడే వేళకు ఆ రాళ్ళలో దింపడం ప్రమాదం. ఇంజెక్షన్ బలంతో తెల్లారేదాకా బీపీ ఆగుతుంది. ఆ తర్వాత ఆగదు. రేపు ఆసుపత్రికి చేరకపోతే తల్లి దక్కదు, బిడ్డా దక్కదు.

బయటికొచ్చి చెప్పింది. "రేపు పొద్దున్నే ఒక డోలీ కావాలి సార్."

"డోలీలన్నీ తిరుగు ప్రయాణానికి టైర్లకు కేటాయించబడ్డాయి."

"ఒక టైరు ఇక్కడుంటుంది."

"కొండమీద ప్రభుత్వ ఆస్తిని దిక్కులేకుండా వదిలేస్తారా?" పరాంకుశం గారు మోసేవాళ్ళ వైపు తిరిగారు. "టైరు దించి మనిషిని ఎక్కించిన వాడి మీద ఆస్తి దుర్వినియోగం కింద కేసు పెట్టవలసి ఉంటుంది. ముందే చెబుతున్నాను."

వాళ్ళు నేల చూపులు చూశారు. అడవిలో కట్టె కొట్టారని పెట్టిన కేసులకే ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. బాలన్న ఒక్కడే ముందుకొచ్చాడు. "నాన్నా, బాబూ, నీకు దణ్ణం పెడతాను. ఆ టైరుని నా భుజాన ఏసుకుని దిగుతాను. నా ఆడదాన్ని డోలీలో ఎక్కించనియ్యి."

"భుజానికి చెమట పడుతుందయ్యా. రబ్బరు!" అన్నారు పరాంకుశం గారు, ఓపిగ్గా. "అయినా మీకు దిగులెందుకు? వాహనం చేరింది కదా. అందులో ఎక్కించండి."

ఇందీవర ఆ మాటను మరోసారి మనసులో తిప్పి చూసుకుంది. ఆమె మొహం మీదికి, పెళ్ళిచూపుల్లో సుధీంద్ర కాఫీ ఒలకబోసుకున్నప్పుడు వచ్చినటువంటి నవ్వు వచ్చింది.

"మీరన్నది నిజమే సార్. టైర్లు చేరితే వాహనం చేరినట్టే కదా?"

"ఉత్తర్వు ప్రకారం అంతే."

"అయితే టైర్లో కూర్చున్నవాళ్ళు వాహనంలో కూర్చున్నట్టే."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన పెదవులు కదిలాయి. ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా వల్లించుకుంటున్నారు. ఎక్కడా అడ్డు తగల్లేదు.

"టైరు డోలీలోంచి దిగదు. నేలకు తగలదు. అరగదు," అంది ఇందీవర. "గర్భిణి మాత్రం వాహనంలో ఆసుపత్రికి చేరుతుంది. గెడ్డ దాటి గర్భిణిని తెచ్చిన బండి, పైగా గాడి లోతు తగ్గకుండా! పక్క డివిజన్ వాళ్ళు చెక్కుకోగలరు గాని ఇది చేయగలరా సార్?"

పరాంకుశం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చేయలేరు," అన్నారు. "ఎవరి వల్లా కాదు."

వెంటనే సీటు కేటాయింపు మీద చర్చ మొదలైంది. స్టెప్నీలో కూర్చోబెడితే వాహనం వెనక వేలాడుతున్నట్టవుతుందని సన్యాసినాయుడు అభ్యంతరం చెప్పాడు. ముందు ఎడమవైపు టైరు ఇచ్చారు. అంటే డ్రైవరు పక్క సీటు. టైరు మధ్యలో గడ్డి కూరి, పైన ఇందీవర చున్నీ, దుప్పట్లు పరిచి, సుక్రిని మెల్లగా నడిపించుకొచ్చి కూర్చోబెట్టి చూశారు. రెండు గెడలు జోడించి నలుగురు ఎత్తితే డోలీ నిలిచింది. మిగిలిన నాలుగు టైర్లకూ మనుషులు చాలకపోతే సన్యాసినాయుడు, పరాంకుశం గారు చెరో గెడ పట్టడం తప్ప దారి లేదు. ఆస్తి కోసం ఆయన ఒప్పుకున్నారు.

సుక్రి వాచిన చేతులతో టైరు అంచును రెండు వైపులా పట్టుకుంది. ఆమె పుట్టి బుద్ధెరిగి ఏ బండీ ఎక్కలేదు.

"డాట్రమ్మా, బండంటే ఇలగుంటాదేటి?"

"సర్కారు బండి ఇలాగే ఉంటుంది సుక్రీ," అంది ఇందీవర. ఆమె నాడి మీంచి చెయ్యి తియ్యలేదు.

పరాంకుశం గారు జేబులోంచి కలం తీశారు. ఉత్తర్వులో ఒక గడి ఖాళీగా ఉంది. "తిరుగు ప్రయాణానికి ఇంధనం?"

బాలన్న బుర్ర గోక్కున్నాడు. "సోడంబలి బాబూ. మోసినోళ్ళకి తలా రెండు సెంబులు."

"రాగి అంబలి, స్థానికంగా లభ్యం," అని రాసుకున్నారు పరాంకుశం గారు.

కొండల వెనక ఉరిమింది. ఇందీవర లేచి, మోసేవాళ్ళందరినీ చుట్టూ పిలిచింది. "గెడ్డ పొంగకముందే మనం అవతల ఉండాలి. రేపు తొలికోడి కూయగానే బయల్దేరుతున్నాం," అంది. "అంతకంటే ముందే లేచి బండికి అంబలి పోయండి."